కొబ్బరికాయ కొట్టిన డ్రాయింగు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే ఎదురుగా ఒక పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. నలభై ఐదు రోజుల్లో మెకట్రానిక్స్ డిజైన్ నేర్పిస్తారట. నాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది, అదీ పూర్తిగా వచ్చిందని చెప్పలేను. బహుశా నేను మందబుద్ధినై ఉంటాను.

ఆ ఇన్‌స్టిట్యూట్ యజమాని మా కాలనీలోనే ఉంటారు. ఈమధ్య ఒక ఆదివారం పిల్లలకు గెస్ట్ లెక్చర్ ఇవ్వమని పట్టుకెళ్లారు. బోర్డు మీద విషయం ముందే రాసిపెట్టారు: మెకట్రానిక్స్‌తో కొత్త యంత్రాన్ని త్వరగా మార్కెట్లోకి తేవడం ఎలా. "మాస్టారూ, మరీ లోతుకి వెళ్లకండి, పిల్లలకి జోష్ వచ్చేలా చెప్పండి చాలు" అన్నారు. నేను సాలమ్మ అనే ఆపరేటర్ చేతివేళ్ల దగ్గర మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు తిరక్కుండా ఆయన వేదిక ఎక్కి, మాట మధ్యలో నాకు శాలువా కప్పేశారు. మన దగ్గర ఒక మనిషి నోరు మూయించడానికి అంతకన్నా మర్యాదైన పద్ధతి ఇంకా కనిపెట్టలేదు.

ఆ శాలువా కింద మిగిలిపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఫ్లెక్సీ చదివాక దీన్ని కూడా చదవండి.

ఎత్తు పెరిగేకొద్దీ పరువు తగ్గే ఆఫీసు

నేను మెకానికల్ డిజైన్ ఇంజినీరుని. ఎల్బీ నగర్ దాటాక, ఆటోనగర్ వెనక సందులో ఉన్న ఒక ప్యాకింగ్ యంత్రాల కంపెనీలో చేరి, అక్కడే డిజైన్ హెడ్‌నై, అక్కడే రిటైరయ్యాను. కారం, పసుపు, ధనియాల పొడి లాంటివి పొట్లాల్లో నింపి సీలు వేసే యంత్రాలు చేసేవాళ్లం.

మాది మూడు అంతస్తుల షెడ్డు. కింద మెకానికల్, మధ్యలో ఎలక్ట్రికల్, పైన రేకుల గదిలో ప్రోగ్రాం రాసేవాళ్లు. ఎత్తు పెరిగేకొద్దీ పరువు తగ్గేది, ఎండాకాలంలో వేడి పెరిగేది. ముందు నేను మూడు నెలలు కూర్చుని యంత్రం మొత్తం గీసేవాణ్ణి. ఆ డ్రాయింగు మధ్య అంతస్తుకి వెళితే యాదగిరి దానిలో మోటార్లకీ వైర్లకీ చోటు వెతుక్కునేవాడు. యాదగిరి ఎలక్ట్రికల్ హెడ్, నల్లగొండ దగ్గర పల్లె మనిషి, నాకన్నా తెలివైనవాడు. ఈ మూడో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చివరికి యంత్రం బిగించాక పై గదిలో నస్రీన్ దానికి ప్రోగ్రాం రాసేది.

నస్రీన్ చేతికి వచ్చేసరికి డెలివరీ తేదీ దాటిపోయి ఉండేది. కాబట్టి ఆలస్యానికి కారణం ఎప్పుడూ నస్రీనే. నా విభాగం ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. అందుకు నాకు రెండుసార్లు జ్ఞాపికలు కూడా ఇచ్చారు. అందరి పనీ తేదీకి పూర్తయ్యేది, యంత్రం ఒక్కటే పూర్తయ్యేది కాదు.

దీన్ని బాగుచేయడానికి ఒకసారి బయటి నుంచి కన్సల్టెంటు వచ్చాడు. మూడు రోజులు రంగురంగుల బొమ్మలు చూపించి, విభాగాల మధ్య గోడలు కూల్చాలని చెప్పి వెళ్లాడు. మా ఎండీ గారికి ఆ మాట బాగా నచ్చింది. నెల తిరిగేలోగా ప్రతి అంతస్తుకీ ఒక అద్దాల తలుపు పెట్టించారు. దాని మీద విభాగం పేరు బంగారు రంగులో రాయించారు.

మా కంపెనీకి ఇంకో ఆచారం ఉండేది. నా డ్రాయింగు పూర్తయ్యాక ఎండీ గారు మంచిరోజు చూసి, దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా పసుపూ కుంకుమా పెట్టి, పక్కన కొబ్బరికాయ కొట్టేవారు. ఆ తర్వాత అందులో ఒక్క గీత మార్చినా అపశకునమే. "కాయ కొట్టేశాక ఇంక వెనక్కి చూడకూడదండీ" అనేవారు. నాకు దేవుడి మీద పెద్దగా భక్తి లేదు గానీ ఆ కొబ్బరికాయ మీద మాత్రం ఉండేది. నా తప్పులకి అంత గట్టి కాపలా ఇంకెక్కడ దొరుకుతుంది?

జర రెండంగుళాలు

సాగర్ రోడ్డులో తుర్కయంజాల్ దగ్గర ఒక మసాలా యూనిట్ నుంచి కారప్పొడి పొట్లాల యంత్రానికి ఆర్డరు వచ్చింది. నేను ఒకే షాఫ్ట్ మీద, అంటే తిరిగే ఇనుప ఇరుసు మీద, ఏడు క్యాములు పెట్టి గీశాను. క్యాము అంటే వంకర అంచున్న ఇనుప చక్రం. అది తిరుగుతుంటే దాని వంపుని బట్టి మిగతా భాగాలు కదులుతాయి. ఏడు క్యాములూ ఒకదాని వెంట ఒకటి తిరగడం చూస్తే నాకు కడుపు నిండేది. ముందువైపు సీలు వేసే రెండు వేడి దవడలు ఉంటాయి. పొట్లం మూతిని అవి సెకనుకి ఒకసారి నొక్కుతాయి. చెయ్యి లోపలికి పోకుండా వాటి ముందు ఒక తలుపు ఉంటుంది. తలుపు తీస్తే యంత్రం ఆగాలి, అందుకు అక్కడొక స్విచ్ ఉండాలి.

కొబ్బరికాయ కొట్టిన మర్నాడు యాదగిరి డ్రాయింగు చేత్తో పట్టుకుని కిందికి దిగి వచ్చాడు.

"సార్, గీ తలుపు మూలకు స్విచ్ పెట్టనీకి జాగ లేదు. షాఫ్ట్ జర రెండంగుళాలు వెనక్కి జరపుండ్రి."

"నిన్ననే కాయ కొట్టారు యాదగిరీ."

"కాయ కొట్టిండ్రు గని, పోత ఇంక పొయ్యలే గద సార్. గిప్పుడైతె కాయితం మీద గీతనే."

"ఆ గీత జరిగితే ఏడు క్యాములూ మళ్లీ గీయాలి. ఎక్కడో ఒకచోట నువ్వే సర్దుకో."

"గట్లనే సర్దుకుంట. మాకు అలవాటే గద" అని డ్రాయింగు చుట్ట చుట్టుకుని పైకి వెళ్లిపోయాడు. ఆ మాట అప్పుడు నాకు వినయంలా వినిపించింది. మనిషికి హోదా వస్తే చెవులు అలా తయారవుతాయి.

అతను వెనకవైపు ఒక రేకు ముక్క వెల్డింగ్ చేయించి స్విచ్‌ని దాని మీద బిగించాడు. యంత్రం తిరుగుతుంటే ఆ రేకు వణికేది. అది వణికినప్పుడల్లా తలుపు తెరిచినట్టు స్విచ్ కబురు పంపేది, యంత్రం ఆగిపోయేది. గంటకి పదిసార్లు ఆగితే ఎండీ గారు పై గది మెట్లెక్కి నస్రీన్ మీద అరిచారు. ఆ అమ్మాయి ప్రోగ్రాంలో ఒక చిన్న మార్పు చేసింది. ఆ స్విచ్ నుంచి కబురు వస్తే వెంటనే నమ్మకుండా అరసెకను చూడమని రాసింది. యంత్రం ఆగడం మానేసింది. ఎండీ గారు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. నేను నాలుగు తిన్నాను.

ఇప్పుడు ఈ మూడూ కలిపి చూడండి. తలుపు తీశాక ప్రోగ్రాం అరసెకను నమ్మదు. నమ్మి కరెంటు ఆపాక కూడా, నా బరువైన షాఫ్ట్ ఊపు మీద ఇంకాస్త తిరుగుతుంది. అంటే తలుపు తెరిచాక దవడలు ఇంకోసారి మూసుకుంటాయి. ముగ్గురం ఎవరి చిక్కు వాళ్లం విప్పుకున్నాం, మూడు ముడులూ కలిసి సాలమ్మ చేతికి పడ్డాయి.

ఆగుము

సాలమ్మ ఆ మసాలా యూనిట్లో చాలా ఏళ్లుగా చేత్తో పొట్లాలు కట్టిన మనిషి. దేవరకొండ వైపు నుంచి వచ్చి తుర్కయంజాల్లో కిరాయికి ఉండేది. పని తెలిసిన మనిషని యంత్రం మీద ఆమెనే పెట్టారు. యంత్రం బిగించి నడిపి చూపించడానికి నేనే వెళ్లాను. అప్పటికే మేం ఎనిమిది నెలలు ఆలస్యం. రెండో రోజు ఆమె నన్ను పక్కకి పిలిచింది.

"సారూ, తలుపు తీసినంక గూడ ఒక్కపారి కొరుకుతది గిది. జర చూడుండ్రి."

"తలుపు తీశాక ఒక్క క్షణం ఆగి చెయ్యి పెట్టమ్మా. అంతే."

"ఆగితె ఎట్ల సారూ? అతుక్కున్న పొట్లాన్ని గప్పుడే పీకకుంటె ఎన్కవి అన్నీ పేరుకపోతయి."

ఇంజినీరుకి అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. లోపం ఏమిటో చెప్పింది, తనకి ఆగడం ఎందుకు కుదరదో కూడా చెప్పింది. నేను సంచిలోంచి ఒక స్టిక్కర్ తీసి తలుపు మీద అంటించాను. దాని మీద 'తలుపు తీసిన తరువాత ఆగుము' అని ఉంది. నా సర్వీసు మొత్తంలో అంత నీచమైన డిజైన్ ఇంకొకటి చేయలేదు.

పది రోజులకి కబురు వచ్చింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదటి కణుపు దాకా పోయాయి. దవాఖానాలో ఆమె నన్ను చూసింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

తిరిగి వస్తూ కారులో ఎండీ గారు, "ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాసేయండి ఇంజినీరు గారూ. స్టిక్కర్ ఉంది కదా, చూసుకోకపోతే మనదా తప్పు?" అన్నారు.

రాశాను. నాలుగు లైన్లు, కింద నా సంతకం. ఇంగ్లిషులో రాశాను, అలా రాస్తే సిగ్గు కొంచెం తక్కువేస్తుంది. ఆమె నాకు చెప్పిన మాట ఆ నాలుగు లైన్లలో ఎక్కడా లేదు. ఆ కాగితం చూసి యూనిట్ యజమాని సాలమ్మని యంత్రం మీంచి తీసేసి, గోనెసంచులు దులిపే పనిలో పెట్టాడు. జాగ్రత్త లేని మనిషట.

ఏడో నంబరు

యూనిట్ యజమానికి ఆ యంత్రం అక్కర్లేదు. నాలుగు నెలల్లో కొత్తది ఇవ్వండి, లేదా పాతదాన్ని మోసుకుపొండి అన్నాడు. మా పద్ధతిలో నాలుగు నెలల్లో డ్రాయింగుకి మంచిరోజు కూడా దొరకదు. ఎండీ గారు మీటింగు పెట్టి అందరినీ రెట్టింపు వేగంతో పనిచేయమన్నారు. చేతకానితనాన్ని రెట్టింపు వేగంతో చేస్తే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మీటింగు అయ్యాక మెట్ల మీద యాదగిరి నన్ను ఆపాడు.

"సార్, గీపారి మేము కిందికి రాము. మీరే పైకి రాండ్రి. ముగ్గురం ఒక్క బల్ల కాడ కూసుందాం. మీరు గీత గీస్తుంటె నేను చూస్త, నస్రీన్ చూస్తది."

వెళ్లాను. మే నెల, రేకుల గది, ఒక్క ఫ్యాను. నస్రీన్ దగ్గర ఉన్న కంప్యూటర్లో యంత్రాన్ని ముందే కదిలించి చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇనుము కోయకముందే షాఫ్టు, దవడలు, తలుపు అన్నీ తెర మీద తిరుగుతాయి. అసలు ప్రోగ్రాంని ఆ బొమ్మ యంత్రం మీద నడిపి చూడొచ్చు. అది కొని అప్పటికే రెండేళ్లయింది. ఎండీ గారు దాన్ని వచ్చిన అతిథులకు చూపించడానికి వాడేవారు.

నస్రీన్ ముందుగా పాత యంత్రాన్నే తెర మీదికి ఎక్కించింది. యాదగిరి తలుపు తెరవమన్నాడు. తలుపు తెరుచుకుంది. దవడలు ఇంకోసారి మూసుకున్నాయి. మళ్లీ చూశాం, మళ్లీ మూసుకున్నాయి. ఇనుము కోయకముందు ఒక పూట ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే సరిపోయేదని ముగ్గురికీ అర్థమైంది.

"సార్, అది తలుపు స్విచ్ అని నాకెవరూ చెప్పలేదు" అంది నస్రీన్. "ఏడో నంబరు ఇన్‌పుట్ అన్నారు. ఏడో నంబరు ఊరికే వణుకుతోంది, చూడమన్నారు. చూశాను."

కుర్రాళ్లూ, అమ్మాయిలూ, ఈ పనిలోకి వచ్చేవాళ్లంతా ఇక్కడ కాసేపు ఆగండి. మనిషి చేతిని కాపాడే స్విచ్‌ని మేం ఆ పిల్లకి ఒక నంబరుగా అప్పజెప్పాం. మీరు చేరబోయే పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా ఇదే జరుగుతోంది, కాకపోతే ఏసీలో జరుగుతోంది.

నా ఏడు క్యాములూ ఆ మధ్యాహ్నమే పోయాయి. వాటి బదులు ఒక్కో కదలికకి ఒక్కో సర్వో మోటారు పెడదామన్నారు. ఎక్కడ, ఎంత వేగంతో కదలాలో, ఎక్కడ ఆగాలో ప్రోగ్రాం చెబితే అది అలాగే కదిలే మోటారు. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. చాలా ఏళ్లు ఆ వంపులు గీసి పేరు తెచ్చుకున్నవాణ్ణి. కానీ పెద్ద షాఫ్ట్ లేకపోయేసరికి యాదగిరి అడిగిన రెండంగుళాలు నిమిషంలో దొరికాయి.

అప్పుడు యాదగిరే ఇంకో మాట అన్నాడు. "తలుపు మంచిగ ఆపుతది, సరే. అసలు చెయ్యి లోపటికి ఎందుకు పోవాలె సార్? గా పొట్లం ఎందుకు అతుక్కుంటది? మనకేం తెల్సు, సాలమ్మను అడగాలె."

ఆమె పెట్టిన షరతు

మర్నాడు ఇద్దరం తుర్కయంజాల్ వెళ్లాం. సాలమ్మ యూనిట్ వెనక సంచులు దులుపుతోంది. విషయం చెప్పాం. ఆమె చీపురు పక్కన పెట్టలేదు.

"నేను రాను సారూ. నాదే తప్పని రాసిండ్రంట గద. లోపట లెక్కలు రాసే పిల్ల సదివి చెప్పింది. తప్పు జేసినదాన్ని అడిగితె మీకేం తెలుస్తది?"

ఆ కాగితం సంగతి తర్వాత చూద్దామన్నాను.

"మీకు జెప్పిన్నా లేదా, కొరుకుతదని?"

"చెప్పావమ్మా."

"మరి గది రాయుండ్రి. గా కాయితం మార్చుండ్రి, నా పని నాకు ఇయ్యమనుండ్రి. గప్పుడొస్త."

ఎండీ గారి దగ్గరికి వెళ్లాను. "మన తప్పని మనమే రాసిస్తామా? మీకు మతి ఉందా?" అన్నారు. కంపెనీదని రాయను, నాదని రాస్తానన్నాను. అలా రాస్తే నా ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నారు. ఆ మాటకి భయపడ్డాను. ఆ రోజు రాయలేదు, ఆ తర్వాతి రోజు కూడా రాయలేదు. ఆ రెండు రోజులూ ఎవరైనా నన్ను పిరికివాడంటే కాదనే హక్కు నాకు లేదు.

మూడో రోజు పై గదిలో కూర్చుని తెలుగులోనే రాశాను. రెండంగుళాలు అడిగితే ఇవ్వనిది నేను. ఆపరేటర్ లోపం చెబితే వినకుండా స్టిక్కర్ అంటించింది నేను. ఆమె నిర్లక్ష్యమని రాసిన మొదటి రిపోర్టు అబద్ధం. సంతకం పెట్టాక యాదగిరి కాగితం తనవైపు లాక్కున్నాడు. "గా రేకు ముక్క నాదే గద సార్" అని సంతకం చేశాడు. నస్రీన్ అరసెకను సంగతి ఒక వాక్యం చేర్చి, తనూ చేసింది. ఆ కాగితం నేనే తీసుకెళ్లి యూనిట్ యజమాని చేతికిచ్చాను. మూడు సంతకాలు చూశాక ఆయన సాలమ్మని పిలిచి, కొత్త యంత్రం వచ్చాక దాని మీద నువ్వే ఉంటావన్నాడు.

ఎండీ గారు నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. నాలుగు నెలల్లో యంత్రం ఎవరు ఇస్తారు మరి? నాతో మాట్లాడటం మాత్రం మానేశారు. దానివల్ల పని ఇంకాస్త త్వరగా సాగింది.

పది నిమిషాలు

సాలమ్మ షేర్ ఆటోలు మారుతూ వచ్చి మా బల్ల దగ్గర కూర్చుంది. తెర మీద కదిలే బొమ్మని కాసేపు చూసింది.

"పొట్లం ఎందుకు అతుక్కుంటదో ఎరికేనా? కారం ఇంక దిగుతుండంగనే మీరు మూతి మూస్తున్నరు. పొడి సీలుల పడ్తది, గందుకే అతుక్కుంటది. చేత్తోని కట్టేటప్పుడు మేమేం జేస్తం, ఒక్కపారి తడ్తం, పొడి దిగినంక మూస్తం."

నస్రీన్ అక్కడికక్కడే ప్రోగ్రాం మార్చింది. పొట్లాన్ని ఒకసారి తట్టడం, కాస్త ఆగడం, తర్వాత దవడలు మూయడం. పది నిమిషాలు పట్టింది. నా క్యాములతో అయితే కొత్త వంపు గీసి, చక్రం కోయించి, బిగించి చూసేసరికి మూడు వారాలు. అది కూడా ఆమెని అడగాలన్న బుద్ధి పుడితే.

మెకట్రానిక్స్ అంటే నాకు తెలిసింది ఇంతే. ఇనుము, కరెంటు, ప్రోగ్రాం మూడూ మొదటి రోజు నుంచీ ఒకే బల్ల మీద ఉండాలి, యంత్రాన్ని వాడే మనిషి ఆ బల్ల దగ్గర ఉండాలి, కొలిమి అంటించక ముందే తప్పులన్నీ తెర మీద చేసేసుకోవాలి. వేగం దానంతట అదే వస్తుంది. సాఫ్ట్‌వేర్ కొంటే వేగం వస్తుందని అమ్మేవాళ్లని నమ్మకండి. మా దగ్గర రెండేళ్లు అది అతిథుల కోసం తిరిగింది.

యంత్రం గడువుకి తొమ్మిది రోజుల ముందే తుర్కయంజాల్ చేరింది. అంతకుముందు, డ్రాయింగు పూర్తయిన రోజునే, ఎండీ గారు కొబ్బరికాయతో మా బల్ల దగ్గరికి వచ్చారు. యంత్రం నడిచాక అక్కడ కొట్టుకుందాం లెండి అని యాదగిరీ నేనూ ఆపాం.

సాలమ్మ యంత్రాన్ని నడిపించింది. కాసేపు పొట్లాలు పడనిచ్చి, ఎవరూ అడక్కుండానే తలుపు తెరిచింది. దవడలు ఉన్నచోటే ఆగాయి. మూసింది, నడిపించింది, మళ్లీ తెరిచింది. మూడోసారి కూడా చూసుకుని అప్పుడు మావైపు తిరిగి తలూపింది. ఎండీ గారు కొబ్బరికాయ కొట్టారు.

చిప్పలోంచి ఒక ముక్క తీసి, వేళ్లు పోయిన చేత్తోనే ఆమె నాకు ఇచ్చింది.

"సారూ, మంచిగున్నది గని గీ స్టూలు జర ఎత్తున్నది. కాళ్లు కింద ఆనుతలేవు."

"కాయ కొట్టేశాం కదండీ" అన్నారు ఎండీ గారు, చాలా రోజుల తర్వాత నాతో.

నేను జేబులోంచి పెన్సిల్ తీశాను. "ఎంత తగ్గించమంటావమ్మా?"

"రెండంగుళాలు."

రాసుకున్నాను.